మధ్యలో నడుస్తానన్నాడు

కుర్చీ ఇనపది, ఎండ మధ్యాహ్నానిది, నడుము అరవయ్యేళ్ళది. మూడూ కలిసి పున్నమ్మను ఒక్క క్షణం కుదురుగా కూర్చోనివ్వడం లేదు. షామియానా పెద్దదే వేశారు గానీ దాని నీడంతా కింద చాపల మీద పడింది. స్టేజీ మీద కూర్చున్న పెద్దమనుషుల మొహాల మీదికి మాత్రం ఎండ సూటిగా వచ్చేసింది. చాపల మీద తన ముఠా ఆడవాళ్ళు హాయిగా కాళ్ళు చాపుకొని, చెంగులతో విసురుకుంటూ, తన వంక చూసి ముసిముసిగా నవ్వుకుంటున్నారు. నవ్వరూ మరి, పొద్దున్నే కోడలు జయకుమారి బలవంతాన కట్టబెట్టిన గంజి చీర ఆమె ఒంటి చుట్టూ నిలబడి ఉంది గానీ కట్టుకున్నట్టు లేదు. లేచి వెళ్ళి వాళ్ళ మధ్య కూలబడితే ప్రాణం సుఖపడేది. కానీ ఇవాళ తను మిరపకోత ముఠా మేస్త్రి పున్నమ్మ కాదు, మెడల్ వచ్చిన హవల్దారు సంజీవరావు తల్లి. బర్మా సరిహద్దు దగ్గరెక్కడో అడవిలో తిరుగుబాటుదార్లు చుట్టుముట్టి కాల్పులు జరిపితే, పై ఆఫీసరు దెబ్బతిని పడిపోతే, వాడు జట్టు మొత్తాన్నీ ప్రాణాలతో బయటికి నడిపించుకొచ్చాడట. నాయకత్వం, ధైర్యం అని చెప్పి గుండెకు మెడల్ గుచ్చారు. పర్చూరు చుట్టుపక్కల ఏ పాలెంలోనూ ఎవరికీ రానిది వచ్చింది గనక సంఘమంతా కలిసి కృతజ్ఞత కూటం పెట్టుకున్నారు. అదంతా బాగానే ఉంది. ఈ కూటం ముగిసేలోగా తను ఒక మాట చెప్పాలి. అదే ఆమెను కుర్చీ కంటే ఎక్కువ కాలుస్తోంది.

మాట చిన్నదే. వాడి సర్వీసు ఈ ఏడుతో నిండుతుంది. పింఛను తీసుకొని ఇంటికి రావచ్చు, లేదా సంతకం పెట్టి ఇంకొన్నేళ్ళు ఉండవచ్చు. ఆఫీసర్లు ఉండమంటున్నారు. జయకుమారి రమ్మంటుంది, పైకి అనదు, అన్నం వడ్డించేటప్పుడు గరిటె చప్పుడుతో అంటుంది. వాడేమో, ఇంత మందిని అడవిలో నడిపించినవాడు, ఇంటికొచ్చేసరికి చేతులు కట్టుకొని ‘నువ్వేదంటే అదేనమ్మా’ అని భారమంతా తన నెత్తిన పెట్టాడు. ఆ సంగతి పాస్టరు జక్రయ్యగారి చెవిన పడింది. ఇంకేముంది, సంఘం ముందే తల్లి నోటితో చెప్పించి దాన్ని బట్టి ప్రార్థన చేస్తానన్నాడు. పంపేట్టయితే పంపే ప్రార్థన, ఉంచుకునేట్టయితే ఉంచుకునే ప్రార్థన. రెండూ ఆయన దగ్గర సిద్ధంగానే ఉంటాయి. సంఘం ముందు దేవుడి పేరు పెట్టి అన్న మాటను ఈ పాలెంలో ఎవరూ మార్చుకోరు. పెళ్ళి మాటలు మారాయి, పొలం కౌళ్ళు మారాయి, ఇది మాత్రం మారదు. అందుకే రాత్రే తేల్చుకుంది. ‘నా బిడ్డ ఇంక పోడండీ.’ అంతే. గట్టిగా అనేసి కూర్చోవడమే. పొద్దున పొయ్యి రాజేస్తూ కూడా రెండుసార్లు అనుకొని చూసుకుంది, గొంతు వణకలేదు.

గుడి వెనక కల్లంలో మొదటి కోత మిరపకాయ ఎండబోశారు. గాలి ఇటు తిరిగినప్పుడల్లా ఘాటు వచ్చి మైకు ముందున్న మనిషిని పట్టుకుంటోంది. జక్రయ్యగారి ప్రారంభ ప్రార్థన తుమ్ముల మధ్యనే సాగింది. ఇప్పుడు సర్పంచి అంకమ్మరావు వంతు. ఆయన కళ్ళు తుడుచుకుంటుంటే కింద కూర్చున్నవాళ్ళు దుఃఖమనుకున్నారేమో, పున్నమ్మకు తెలుసు అది కాయ ఘాటని. ‘సంజీవరావు మా పొలంలో పెరిగిన బిడ్డ’ అంటున్నాడు. పెరిగాడు నిజమే. గట్టు మీద తుమ్మచెట్టుకు కట్టిన చీర ఉయ్యాల్లో పెరిగాడు. ‘తల్లి పున్నమ్మగారు’ అని కూడా అన్నాడు. గారు! చాపల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఇన్నేళ్ళూ ఒసే పున్నీ అని గట్టు మీంచి పిలిచిన నోరు అది, అంత చప్పున ఎలా తిరిగిందో. ఈ ఏడు పత్తిని తెల్లదోమ తినేసింది, మందు కొట్టి కొట్టి రైతులు చేతులెత్తేశారు, ఊళ్ళో నవ్విన మొహం లేదు. చెప్పుకోవడానికి ఒక మంచి మాట దొరికింది గనక అందరూ దాని మీద పడ్డారు, చెప్పుకోనీ. తనకు మాత్రం మెడల్ అనగానే ఆ ఉయ్యాలే కళ్ళ ముందుకొస్తోంది. వాడు ఏడిస్తే పరుగున వెళ్ళేది గానీ కన్నీళ్ళు చేత్తో తుడవడానికి లేదు. రోజంతా కాయ కోసిన చేతులు, ఎంత ఆముదం రుద్దినా వేళ్ళ సందుల్లో మంట ఉంటుంది. మోచేత్తో తుడిచేది. వాడికి ఊహ తెలిసేదాకా అమ్మ చెయ్యంటే మోచెయ్యే అనుకొని ఉంటాడు. ఇవాళ మెడల్ తగిలించుకున్న ఆ ఛాతీని కూడా ఆమె అరచేత్తో తాకలేదు, అలవాటుగా మోచేత్తో అలా నిమిరింది, వాడు నవ్వాడు.

పక్క కుర్చీలో జహీరున్నీసా కదిలింది. పొదిలి నుంచి తెల్లవారకముందే బస్సెక్కి, మధ్యలో ఇంకో బస్సు మారి, కొడుకును వెంటబెట్టుకొని వచ్చింది. ఈ కొడుకే గౌస్ బాషా, సంజీవరావు జట్టులో నాయకు, అంటే వాడి కింద రెండోవాడు. ఆ రోజు అడవిలో తొడకు తూటా తగిలింది, ఆస్పత్రిలో ఉండి బాగై సెలవు మీద వచ్చాడు, కొంచెం కుంటుతాడు, అదీ తొందరపడి నడిస్తేనే. ఒక్కడే కొడుకు. ఆమె కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టి వాణ్ణి పెంచింది. పొద్దున గుమ్మంలోకి రాగానే ఆమె పున్నమ్మ చేతులు రెండూ పట్టుకొని ‘నీ కడుపు చల్లగుండా’ అంది. అప్పట్నుంచి పున్నమ్మను వదల్లేదు. వంట దగ్గరికొచ్చి ఉల్లిపాయలు కూడా కోసింది. గుళ్ళోకి రావచ్చో రాకూడదో అని గడప దగ్గర ఆగితే జక్రయ్యగారే ‘రామ్మా, లోపలికి రా’ అని పిలిచాడు. ఇప్పుడు కొంగు తల మీదికి లాక్కొని, ఈ ప్రసంగాలన్నీ ఎంతో శ్రద్ధగా వింటోంది.

అంకమ్మరావు దిగాడు, గౌస్ బాషాను పిలిచారు. మైకు పట్టుకోవడం రాక దాన్ని తుపాకీ పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ‘నాకు మాట్లాడ్డం రాదండీ, ఉన్నది చెప్తా’ అన్నాడు. ‘కొండ దిగుతున్నాం. ఒకటే వాన. వెదురు గుబురు, ముందు మనిషి కూడా సరిగ్గా కనపడడు. ఒకరెనక ఒకరం సాలుగా నడుస్తున్నాం. సంజీవన్న ముందు, నేను చివర...’

సంజీవన్న ముందు.

పున్నమ్మ కుర్చీ అంచు పట్టుకుంది. పొరపాటున అన్నాడేమో. పోయిన సెలవుకు వచ్చినప్పుడు తనే అడిగింది గదా. ఏ తల్లయినా తిన్నావా, చలిగా ఉంటుందా అని అడుగుతుంది. తను ముఠా నడిపేది గనక వేరేగా అడిగింది. అడవిలో మీరెట్టా నడుస్తార్రా, ఒకరి పక్కన ఒకరా, ఒకరి వెనక ఒకరా? వెనకేనమ్మా, అన్నాడు. నువ్వెక్కడ? కాయల పులుసు కలుపుకుంటున్నవాడు తలెత్తకుండా ‘మధ్యలో నడుస్తా, హవల్దార్లు మధ్యలోనే ఉండాలి’ అన్నాడు. అంత నమ్మకంగా అన్నాడు. మధ్యలో అంటే ముందూ మనిషే వెనకా మనిషే, చుట్టూ గోడున్నట్టే గదా అని తను మనసు కుదుటపరచుకుంది. ఆ తర్వాత ఎన్ని రాత్రులు, రేడియోలో ఆ కొండల పేరు వినిపించిన రాత్రుల్లో కూడా, మావాడు మధ్యలో ఉంటాడు అనుకొని దుప్పటి కప్పుకుంది. కొడుకు వంక చూసింది. పక్క వరసలో కూర్చున్న సంజీవరావు తన బూట్ల వంక చూసుకుంటున్నాడు. దొంగ వెధవ.

‘పైనుంచి కాల్పులు మొదలైనయ్’ అంటున్నాడు బాషా. ‘ఆఫీసరుగారికి భుజానికి తగిలి పడిపోయారు. మాలో కొత్తోళ్ళు ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయారు. అప్పుడు అన్న ఒక కేకేశాడండీ. మా సెక్షన్లో తెలుగొచ్చినోళ్ళం ఇద్దరమే, మిగతావాళ్ళకు ముక్క రాదు. అయినా తెలుగులోనే అరిచాడు. ఆగమాకండి, నా ఎనకమాలే రండి! అని. భాష రానోళ్ళు కూడా లేచి పరిగెత్తారు.’

చాపల మీద ఆడవాళ్ళు ఒక్కసారి గొల్లుమన్నారు. ఎలీసమ్మ, ముఠాలో అందరికంటే నోరున్న మనిషి, లేచి నిలబడి ‘అది నీ కేకే గదంటే పున్నమ్మక్కా!’ అంది. జనమంతా నవ్వారు, జక్రయ్యగారు కూడా నవ్వాడు. పున్నమ్మకు నవ్వు రాలేదు. అవును, తన కేకే. తెల్లారగట్ల మంచు ఇంకా కొమ్మల మీద ఉండగా మునుం పట్టేటప్పుడు, ఒక్కొక్కరికి ఒక్కొక్క సాలు పంచి, తను మొదటి సాల్లో దిగి వేసే కేక. మొదటి సాలు ఎవరికీ ఇవ్వదు. మంచు ముందు దాన్నే తడుపుతుంది, పామున్నా పుట్రున్నా ముందు దానికే తగులుతుంది, రైతు కళ్ళూ దాని మీదే ఉంటాయి. అది నెమ్మదిగా పోతే వెనకవాళ్ళు కునుకుతారు, మరీ ఉరికితే చేతగానివాళ్ళు ఏడుస్తారు. ఆ నడక కుదరడానికి ఆమెకు ఏళ్ళు పట్టింది. ఒకసారి జ్వరంతో ఒళ్ళు కాలిపోతుంటే మొగుడు ఆదెయ్య, అప్పటికింకా బతికే ఉన్నాడు, ‘ఇవాళ్టికి మధ్యలో ఏదో సాలు తీసుకోవే, కొంపలేం మునగవు’ అన్నాడు. తీసుకుంది. గట్టిగా పది చెట్లు కొయ్యలేదు, ముందున్నవాళ్ళ వీపులు చూస్తుంటే ఊపిరాడలేదు. బుట్ట తీసుకొని అందర్నీ దాటుకుంటూ మళ్ళీ మొదటి సాల్లోకే పోయింది. దాన్ని ధైర్యమని ఎవరూ అనలేదు, ఆదెయ్య మొండితనమన్నాడు.

‘వాగు దాటించాడండీ అందర్నీ. ఆఫీసరుగార్ని భుజానేసుకొని మరీ దాటించాడు. అవతల రాళ్ళ చాటుకు చేరాక చూసుకుంటే నేను లేను. నేను ఇవతల వెదుర్లో పడున్నా, తొడ కదలదు, నోట్లోకి బురద. ఇంక అయిపోయిందనుకున్నా. అన్న పని అయిపోయింది గదండీ, ఆఫీసరుగారు కూడా పోవద్దన్నారంట. వచ్చిన దారి మీద వాళ్ళ తుపాకులున్నయ్. ఆయన ఆ దారిన రాలేదు. చుట్టూ తిరిగి కింద నుంచి, నాకెదురుగా వచ్చాడు. ఆకులు కదిలితే వాళ్ళే అనుకొని కాల్చబోయా. ఒరేయ్ బాషా, నేన్రా, అన్నాడు.’

ఎదురుగా వచ్చాడు. పున్నమ్మ కళ్ళు మూసుకుంది. అది ఏ సైన్యంలోనూ నేర్పరు, అది మిరప చేలో పద్ధతి. ముందు పోయినవాళ్ళు గట్టు చేరాక నడుము వాల్చరు. ఎవరి సాలు వెనకబడిందో చూసుకొని, ఆ సాల్లోకి అవతలి కొస నుంచి దిగి, కోసుకుంటూ ఎదురు పోతారు, ఇద్దరూ కలిసేదాకా. మేస్త్రి అయితే తప్పకుండా పోవాలి. బడి లేని రోజుల్లో సంజీవుడు కూడా ముఠాతో వచ్చేవాడు. సగం సాలు కాకముందే వేళ్ళు మండి, చుట్టూ ఎవరూ లేక, కొమ్మల మధ్య కూర్చుండిపోయేవాడు. అప్పుడు ఎదుటి నుంచి కొమ్మలు కదిలేవి. వాడు భయంతో బిగుసుకుపోతే ‘ఒరేయ్, నేన్రా’ అనేది. ఇంత చిన్న మాట, మర్చిపోయిన మాట, వాడు అంత దూరం మోసుకుపోయాడా! ఒక్క క్షణం ఆమెకు గుండె నిండిపోయింది. గర్వమంటే ఇదే గావును, మైకుల్లో వీళ్ళంతా చెబుతున్నది. అది ఉండగానే దాని అడుగు నుంచి భయం పైకొచ్చింది. వాడు మధ్యలో నడవలేడు. నడవమని చెప్పినా నడవడు, ఒట్టేయించుకున్నా నడవడు, తన కడుపున పుట్టినవాడు. పంపితే ముందే నడుస్తాడు, అందర్నీ దాటించాక మళ్ళీ వెనక్కి పోతాడు. ఎన్నిసార్లు పోతే అన్నిసార్లూ తిరిగి వస్తాడా? అందుకని పంపితే పంపడం, లేకపోతే లేదు. జాగ్రత్తగా ఉండరా అని చెప్పి పంపడమనేది లేదు.

బాషా మాటలు ముగించి దణ్ణం పెట్టాడు. చప్పట్లు ఆగడం లేదు. ఆ చప్పట్ల చాటున జహీరున్నీసా పున్నమ్మ వైపు వంగింది.

‘మావోడికి సెలవైపోయిందక్కా, వచ్చే వారం పోవాలి. కాలు చూపించి ఆఫీసు పని అడుక్కోరా అంటే ఇనడు. నేను పంపనని మూడు రోజులు అన్నం మానేశా. చివరికి వాడేమన్నాడో తెలుసా? అమ్మా, సంజీవన్న ముందుంటాడే, నాకేంగాదు, అన్నాడు. ఆ మాట మీద తిన్నా. నీ కొడుకు ఉంటాడనే పంపిస్తన్నా.’

పున్నమ్మ తల తిప్పలేకపోయింది. ఆమెకు ఎవరూ చెప్పలేదా, ఇవాళ ఇక్కడ ఏం తేల్చబోతున్నారో? చెప్పి ఉండరు. ఉల్లిపాయలు కోయించారు, కాఫీ ఇచ్చారు, ఈ సంగతి మాత్రం చెప్పలేదు. తనూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలంటే ఏమని చెప్పాలి? ఎండ మొహం మీద నుంచి కిందికి జారి ఒళ్ళో పడింది, చేతులు కాలుతున్నాయి. కొడుకు వంక మళ్ళీ చూసింది. వాడు తన వంక చూడటం లేదు, మైకు దగ్గర్నుంచి తిరిగి వస్తున్న బాషా కాలు వంక చూస్తున్నాడు. ఆ చూపు ఆమెకు తెలుసు. ఎవరి సాలు వెనకబడిందా అని గట్టు మీంచి చూసే చూపు. వాడికి పోవాలని ఉంది. నోటితో అనడు, అమ్మ ఏదంటే అదే అంటాడు, పోవద్దంటే ఆగిపోతాడు, ఆగిపోయి ఈ చూపుతోనే ఇంట్లో తిరుగుతాడు. పంపు అని మనసు ఒక మూల అంటోంది. వాళ్ళంతా నీ కేక విని లేచిన పిల్లలు, వాళ్ళకూ తల్లులున్నారు, పక్కన కూర్చుంది చూడు ఒకతి. అయితే ఏం, అంటోంది ఇంకో మూల. పదిహేనేళ్ళు ఇచ్చాను. జయకుమారి కాపురమంతా సెలవుల్లోనే సాగింది. ఆదెయ్య పోయినప్పుడు వాడు వచ్చేసరికి మట్టి కూడా ఆరిపోయింది. ఇంకెంత ఇవ్వాలి, ఎవరికి ఇవ్వాలి?

జక్రయ్యగారు మైకు ముందుకొచ్చాడు, ఒక తుమ్ము తుమ్మి గొంతు సవరించుకున్నాడు. ‘ఇప్పుడు మన సహోదరి పున్నమ్మగారు ఒక మాట చెప్పాలి. అమ్మా, బిడ్డను తిరిగి సేవకు పంపుతున్నారా, ఇంట ఉంచుకుంటున్నారా? దేవుని యెదుట, సంఘము యెదుట చెప్పండి.’ జహీరున్నీసా తల చటుక్కున ఇటు తిరిగింది. ఆ తిరగడం పున్నమ్మ చూడలేదు, చెంపకు తెలిసింది. లేచింది. కుర్చీ చప్పుడు చేసింది. చేలో అంత దూరం వినబడే గొంతు మైకు ముందుకొచ్చేసరికి ఎటు పోయిందో. సిద్ధం చేసుకున్న మాట కోసం వెతుక్కుంటే అది అక్కడే ఉంది, రాత్రి పెట్టినచోటే.

‘నా బిడ్డ ఇంక పోడండీ’ అంది. ‘నాకు కావాలి.’

రెండో మాట రాత్రి అనుకోలేదు. అదే వచ్చింది. చాపల మీద ఆడవాళ్ళ వైపు నుంచి ‘స్తోత్రం’ అని ఒక గొంతు, దాని వెనక ఇంకొన్ని. జయకుమారి కొంగుతో మొహం కప్పుకొని ఏడ్చేసింది. జక్రయ్యగారు ఉంచుకునే ప్రార్థన మొదలుపెట్టాడు. అందరి తలలూ వంగాయి. సంజీవరావు తల కూడా వంగింది, తల్లి మాటకు వంగినట్టే, ఒక్క మాట ఎదురు లేకుండా. ప్రార్థన పొడుగునా పున్నమ్మ పక్క కుర్చీలోంచి ఏదైనా చప్పుడు వస్తుందేమోనని వింది. ఏమీ రాలేదు. ఏడిస్తే బాగుండు, తిడితే ఇంకా బాగుండు.

ఆమేన్ అన్నాక భోజనాలకు లేచారు. సంజీవరావు స్టేజీ మధ్యలోనే నిలబడిపోయాడు. బాషా కుంటుకుంటూ వచ్చి అతని భుజం మీద చెయ్యేశాడు. ‘అమ్మ మంచి మాటే చెప్పిందన్నా. నువ్వేం బెంగెట్టుకోమాక. నువ్వు లేకపోతే సెక్షను నాకే ఇస్తారు. ముందు నేను నడుస్తాలే’ అని నవ్వాడు. ధైర్యం చెప్పడానికే అన్నాడు, మెల్లగా అనడం రాని మనిషి, గట్టిగా అన్నాడు. స్టేజీ మీద అందరికీ వినబడింది.

మైకు ఇంకా ఆపలేదు, దాని ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. పున్నమ్మకు రెండడుగుల దూరం. ఇప్పుడు వెళ్ళి మాట మారుస్తున్నానంటే జక్రయ్యగారు నొచ్చుకుంటాడు, ఊరు నాలుగు రోజులు చెప్పుకుంటుంది, అంతేగా. దేవుడికి తల్లుల మాటలు మారడం కొత్త కాదు. మార్చాలని ఉందా అని తనను తాను అడిగింది. లోపల అన్ని మూలలా వెతికింది. ఎక్కడా లేదు. బాషా పోతాడు, సంజీవుడు ఉంటాడు. ఆమెకు కావలసింది అదే, ఇప్పుడు కూడా అదే. ఇట్టాంటి మనిషినా నేను అని ఆమెకు మొదటిసారి తన మీద తనకే భయం వేసింది.

స్టేజీ దిగడానికి మెట్లు లేవు, ఒక బల్లచెక్క వాలుగా వేశారు. జహీరున్నీసా ముందు అడుగేసింది. అది ఊగింది. ఆమె ఆగి, వెనక్కి తిరిగి, పున్నమ్మ ముసలిదని, పడుతుందేమోనని చెయ్యందించింది. ‘మెల్లగా దిగక్కా’ అంది. పున్నమ్మ ఆ చెయ్యి పట్టుకొని కిందికి దిగింది. నేల మీద కాలు మోపాక కూడా జహీరున్నీసా వదల్లేదు. పున్నమ్మే తన చేతిని మెల్లగా విడిపించుకుంది.